అడ్డంగా కొలవని చేను

2024వ సంవత్సరం, మే నెల మొదటి వారం. కళ్యాణదుర్గానికి పడమరగా, తారురోడ్డు విడిచి మట్టిబాటన కొంత దూరం పోతే వచ్చే ఒక చిన్న ఊరు. భూమిలోనికి విద్యుత్తును పంపి, అది ఎదుర్కొనే నిరోధాన్ని కొలిచి, బోరుబావికి అనువైన చోటును సూచించడం నా వృత్తి. ఈ పరీక్షను మేము రెసిస్టివిటీ సర్వే అంటాం. రైతులు పాయింటు పెట్టడం అంటారు. ప్రభుత్వోద్యోగంలో ముప్పై ఏళ్లకు పైగా, విరమించిన తరువాత స్వంతంగా మరికొన్నేళ్లు ఈ పనే చేశాను. నేను పెట్టిన పాయింట్లలో నీళ్లు పడినవీ ఉన్నాయి, దుమ్ము లేచినవీ ఉన్నాయి. వాటన్నిటిలో ఈ ఒక్కదాన్ని గురించే రాయడానికి కారణం, ఇందులో నేను చేసిన పొరపాటు చాలా చిన్నది, చాలా పాతది కావడమే.

నన్ను పిలిపించినవారు గంగన్న, ఈశ్వరమ్మ అనే దంపతులు. వారికి రెండు వందల చీనీ చెట్లున్నాయి. బత్తాయిని ఈ సీమలో చీనీ అంటారు. తొమ్మిదో ఏటి తోట. కాపు కుదురుకున్న వయసు. ఉన్న రెండు బోర్లలో ఒకటి మాఘంలో ఎండింది. రెండవది నేను వెళ్లడానికి పది రోజుల ముందు ఎండింది. ఆకులు దొన్నెల్లా ముడుచుకుని, కాయలు నిమ్మకాయంత కాకముందే రాలిపోతున్నాయి. వేరుశనగ పోతే మరుసటి ఏడు మళ్లీ విత్తుకోవచ్చు. చెట్టు పోతే తొమ్మిదేళ్లు పోతాయి. ట్యాంకర్లతో తోలిద్దామంటే ఊరి తాగునీటికే అవి చాలడం లేదు. బోరు బండి, అంటే రాతిని తొలిచే యంత్రాన్ని మోసే లారీ, మరునాటి ఉదయం వచ్చి మధ్యాహ్నానికి రాయదుర్గం వైపు వెళ్లిపోతుంది. మళ్లీ ఈ దారికి రావడానికి మూడు వారాలు. అంతవరకు ఆ చెట్లు నిలవవు. ఉన్నది ఒక్క పూట, ఒక్క రంధ్రం.

"సామీ, ఈ చెట్లు ఇంకా ఎన్ని దినాలు తట్టుకుంటాయంటారు?" అని ఈశ్వరమ్మ నన్ను అడిగింది.

"చెట్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కదమ్మా."

"తెలుసు కాబట్టే అడుగుతాండా. నా లెక్క తప్పని ఎవురన్నా చెప్తే బాగుండునని."

పని జరిగే తీరు చెప్పాలి. నాలుగు ఇనుప కడ్డీలను ఒకే వరుసలో నేలలో దిగగొడతాం. వీటిని ఎలక్ట్రోడ్లు అంటారు; తీగలతో యంత్రానికి కలుపుతాం. బయటి రెండింటి ద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెండింటి నడుమ వోల్టేజిని కొలుస్తాం. బయటి కడ్డీలను ఎంత దూరం జరిపితే విద్యుత్తు అంత లోతుకు దిగుతుంది. గట్టి రాయి దానికి అడ్డు నిలుస్తుంది. నీరు చేరిన పగుళ్ల రాయి దారి ఇస్తుంది. యంత్రం చూపిన అంకెను ఒక సూత్రంలో పెడితే నేల నిరోధకత తేలుతుంది.

ఆ సూత్రం ఒక ఊహ మీద నిలిచి ఉంది. కింద ఉన్న నేల హోమోజీనియస్, ఐసోట్రోపిక్ అని. మొదటిదానిని మన పాఠ్యపుస్తకాలు సజాతీయం అన్నాయి: ఏ చోట పరీక్షించినా గుణం ఒకటే. రెండవది సమదైశికం: ఒకే చోట నిలిచి ఏ దిక్కుగా పరీక్షించినా గుణం ఒకటే. ఈ రెండూ ఒకటి కావు. బాగా కెలికిన సంగటి ముద్దను ఏ పక్క తుంచినా, ఎటునుంచి నొక్కినా ఒకే తీరుగా ఉంటుంది. దానికి రెండు లక్షణాలూ ఉన్నాయి. శనగకాయల బెల్లపు ఉండలో ఒక కొరుకుకు పలుకు, ఒక కొరుకుకు బెల్లం తగులుతుంది. అది సజాతీయం కాదు. వెదురు దబ్బ ఏ చోటనైనా ఒకే తీరుదే, కాని నిలువునా చీలినంత సుళువుగా అడ్డంగా తెగదు. అది సమదైశికం కాదు. భూమి అంతటా, అన్ని దిక్కులా సమంగా ఉంటుందని సూత్రం కట్టినవారు నమ్మి కట్టలేదు. లెక్క మొదలుపెట్టడానికి అలా అనుకున్నారు. వాడగా వాడగా నమ్మడం మొదలుపెట్టినవాళ్లం మేము.

గంగన్న చేను ఉత్తర దక్షిణాలుగా పొడవైన పట్టీ. ఆ ప్రాంతంలో పంపకానికి ఒక పద్ధతి ఉంది. చేనును అడ్డంగా కోస్తే ఒకరికి నల్లరేగడి, ఒకరికి గులకరాళ్ల గరప నేల పోతుందని నిలువునా చీలుస్తారు. అందరికీ మంచిలో మంచి, చెడులో చెడు వస్తుంది. న్యాయమైన పద్ధతే. కాని రెండు తరాల పంపకాలు జరిగేసరికి ఆ చేను వెడల్పు నలభై మీటర్లకు దిగింది, పొడవు మాత్రం నాలుగు వందల మీటర్లు మిగిలింది. పడమట ఎండిన వంక, అంటే చిన్న వాగు. తూర్పున గట్టు దాటితే గంగన్న తమ్ముడు ఓబులేసు భాగం. అందులో ఆ ఏడు పైరు లేదు. వంద మీటర్ల లోతు చూడాలంటే కడ్డీలను ఇరువైపులా చాలా దూరం జరపాలి. పొడవునా అయితే చోటుంది. అడ్డంగా అయితే ఓబులేసు చేలో అడుగు పెట్టక తప్పదు.

"అటు పక్కన తీగ పరచుకోవచ్చునా?" అని గంగన్నను అడిగాను.

"ఆరేండ్లాయ సార్ మేం మాట్లాడుకోక. గట్టు కాడ హద్దురాయి నేను జరిపినానని వాడు, జరపలేదని నేను. నా చేలో అన్న కాలు పడితే ఆ కాలు తీసేస్తా అన్యాడు. వాడు అన్యాడంటే చేస్తాడు. నాకుండేవి రెండే కాళ్లు."

ఆ మాటకు నవ్వి, పొడవునే మొదలుపెట్టాను. ఉన్న నలభై మీటర్లలోనైనా అడ్డంగా ఒక చిన్న కొలత తీసుకుని ఉండవచ్చును. తీసుకోలేదు. ఎండ పైకి వస్తోంది, బండి రేపే వస్తోంది, అప్పుడు నాకు తోసినది అంతే. మూడు చోట్ల కొలిచాను. మొదటి రెండింటా కింద గట్టి రాయే కనిపించింది. మూడవది చేను దక్షిణపు కొస. అక్కడ కడ్డీలు దూరం జరిగేకొద్దీ అంకెలు తగ్గుతూ వచ్చాయి. లోతున నీటి పగుళ్లు ఉన్నాయని పుస్తకంలో రాసి, ఆ చోట మేకు దిగగొట్టాను.

రోజంతా తీగచుట్టను మోసింది ఈశ్వరమ్మ. నేను పుస్తకం మూస్తుండగా దగ్గరకు వచ్చింది.

"సామీ, నిలువుగానే చూసినారు. అడ్డంగా చూడల్లేదా?"

"అవసరం లేదమ్మా."

"ఎందుకు అవసరం లేదు?"

"నేలకు అడ్డం, నిలువు ఉండవు. ఎటునుంచి చూసినా నేల నేలే."

ఆమె మేకు పక్కన గుండ్రని రాయి ఒకటి నిలిపి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. పూజ జరిగిన పాయింటును అక్కడివారు జరపరు. బండి నిలపడానికి చోటు ఇరుకైతే చెట్టునైనా కొట్టేస్తారు గాని పాయింటును మాత్రం కదపరు.

మరునాడు బండి కంటె ముందే చేరుకుని, కాళ్లు సాగదీసుకోవడానికి వంకలోకి దిగాను. పాత వరదలు మట్టిని కోసుకుపోయిన చోట అడుగురాయి బయటపడి ఉంది. నలుపు, తెలుపు చారలు గల రాయి, నీస్ అంటాం. ఆ చారలు పరుపుల్లా పడుకుని లేవు. అలమరలో నిలబెట్టిన పుస్తకాల్లా నిటారుగా నిలిచి, అన్నీ ఉత్తర దక్షిణాలుగా సాగిపోతున్నాయి. నిన్న నేను తీగ పరచిన దిక్కూ అదే. ఆ రాతి మీదుగా ముందటి రోజు నాలుగు సార్లు నడిచాను.

ఇలాంటి రాతిలో నీరు పుస్తకాల నడుమ ఉన్న సందుల వెంట పోతుంది, అట్టలను చీల్చుకుని పోదు. నా తీగకు సమాంతరంగా, కొంత పక్కగా, నీటి పగులు ఒకటి సాగుతూ ఉంటే, విద్యుత్తు వ్యాపించేకొద్దీ దాన్ని పక్కనుంచే తాకుతుంది. అంకె తగ్గుతుంది. ఏదో తగిలిందని యంత్రం చెప్పగలదు గాని, అది కిందనా పక్కనా అన్నది చెప్పలేదు. కింద అని రాసుకున్నది నేను.

పైకి వచ్చేసరికి బండి చేలో నిలిచి ఉంది. దాన్ని నడిపించే సెల్వం సేలం వైపు మనిషి. తెలుగు బాగానే మాట్లాడతాడు. పసుపు రాయి పక్కన జాకీలు దించుతున్నాడు. చేయెత్తి ఆపమన్నాను.

"ఏమైంది సార్?" అని గంగన్న దగ్గరకు వచ్చాడు.

"ఈ పాయింటు తప్పు కావచ్చునని తోస్తోంది."

"కావచ్చునా, అయిందా?"

"తెలియదు. అడ్డంగా కొలిస్తే తెలుస్తుంది."

"ఏమప్పా ఇది. నిన్న మీరే గదా పెట్టింది? పూజ అయిపోయినాక చెప్తాండారు."

సెల్వం గడియారం చూసుకున్నాడు. "సార్, ఒక గంట ఇస్తా. దానికి మించి నా చేతిలో లేదు. తొలిచేదానికే మూడు గంటలు పడతాది, రాయదుర్గం కాడ వాళ్లు కాచుకోనుండారు."

గంగన్న పసుపు రాయి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. అప్పుడు ఈశ్వరమ్మ ముందుకు వచ్చి, భర్త భుజం మీది తువ్వాలను తీసుకుంది. ఆమె పుట్టిల్లు ధర్మవరం. పెళ్లయ్యేదాకా పట్టుమగ్గం మీద కూర్చున్న మనిషి. తువ్వాలను రెండు చేతులా పట్టి పొడవునా లాగింది. "ఇది పడుగు. సాగదు." తిప్పి వెడల్పున లాగింది. "ఇది పేక. కొంచెం సాగుతాది." మూలలు పట్టి లాగింది; తువ్వాల వంకరగా సాగింది. "ఇట్ల లాగితే చూడు. గుడ్డ ఒకటే గదా. లాగే దిక్కు వేరే. నిన్న నేను ఇదే అడిగినా, సామి లేదనె. ఇప్పుడు ఆయనే ఉండాదంటాండాడు. కొలవనీ."

నేను పాతికేళ్లు శిక్షణ తరగతులలో చెప్పిన పాఠం అది. సజాతీయమైనదీ సమదైశికం కాకపోవచ్చునని అంత తక్కువ మాటలలో నేను ఎన్నడూ చెప్పలేదు. సిగ్గుపడే తీరిక కూడా లేకపోయింది.

ఓబులేసు గట్టుకు అవతల వేపపుల్ల నములుతూ ఇదంతా చూస్తున్నాడు. నేనొక్కడినే వెళ్లాను.

"ఓబులేసూ, గంటసేపు నీ చేలో కడ్డీలు కొట్టుకోవాలి."

"నా చేలో కరెంటు పెట్టి, నా నీళ్లు ఆ పక్కకి లాగే పనా ఇది?"

"చూసే పనే గాని లాగే పని కాదు. నీ వైపు ఏముందో నీకూ చెబుతాను."

"నిన్న మా అన్నకి చెప్తివి గదా. మళ్ల యాల వచ్చినావు?"

"నిన్న చెప్పింది తప్పేమోనని."

అతడు వేపపీచు ఉమ్మి, నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. "తప్పని ఒప్పుకునే ఆఫీసరును ఇప్పుడే చూస్తాండా. సరే. ఒక మాట. నా చేలో కడ్డీ నేనే కొడతా. వాండ్ల కాలు పడకూడదు."

అలా తూర్పు కడ్డీలు ఓబులేసు చేతికి, పడమటి కడ్డీలు గంగన్న చేతికి వచ్చాయి. నడుమ యంత్రం ముందు నేను. ఈశ్వరమ్మ నా పక్కన నిలబడి ఇరువైపులకూ కేకలు వేసింది. అన్నదమ్ములకు ఒకరి గొంతు ఒకరికి వినబడుతూనే ఉంది. అయినా ప్రతి మాటా ఆమె మీదుగానే పోవాలి.

"ఇంకా పది అడుగులు పోవల్లని చెప్పు ఆయప్పకి," అంటాడు గంగన్న.

"విన్యాలే వదినా. నాకేం చెవుడు లేదు," అంటాడు ఓబులేసు.

నిన్నటి చోటే, నిన్నటి దూరాలే. తిరిగినది దిక్కు ఒక్కటే. మొదటి అంకెను నిన్నటి అంకె పక్కన రాశాను. రెండూ ఒకే నేలను గురించి చెబుతున్నట్టు లేవు. నా అనుమానం నిజమైంది; అంటే పాయింటు పోయింది. ఇప్పుడు కొత్తది దొరకాలి. కడ్డీల నడుమ దూరాలు మార్చకుండా వరుస మొత్తాన్ని అయిదేసి అడుగులు తూర్పుకు జరుపుతూ పోయాను. ఒక్కొక్క కొలతకు మూడు నాలుగు నిమిషాలు. అంకె కదలలేదు. మళ్లీ జరిపాం. కదలలేదు. సెల్వం హారన్ కొట్టాడు. మరి రెండు సార్లు జరిపాం. అంకె దిగడం మొదలుపెట్టింది. ఓబులేసు గట్టుకు ఎనిమిది అడుగుల ఇవతల అది అట్టడుగుకు దిగింది. గట్టు దాటగానే మళ్లీ పైకి ఎక్కింది. రెండవసారి వెనక్కు జరిపి కొలిచాను. అదే చోట, అదే దిగుడు. సెల్వం రెండో హారన్ కొట్టేసరికి గంటలో నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి.

ఇద్దరినీ గట్టుకు చెరో పక్కకూ పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పగులు గట్టు వెంబడే పోతోందనీ, గంగన్న భాగంలోనే ఉందనీ.

"మా పక్కకి లేదా?" అన్నాడు ఓబులేసు.

"ఈ చోట లేదు."

"అందుకే హద్దురాయి జరిపినాడన్నమాట మా అన్న."

గంగన్న దవడ బిగిసింది. ఒక్క మాట జారితే బండి వెళ్లిపోతుందని అతనికీ తెలుసు. మింగుకున్నాడు.

ఈశ్వరమ్మ పూజరాయి దగ్గరకు నడిచి, దాన్ని రెండు చేతులా పెకలించి కొంగులో వేసుకుంది. సెల్వం ప్రతి బోరుకూ కర్పూరం వెలిగించి గాని రాతిని తొలిచే బిట్టు దించని మనిషి. "అమ్మా, ఎత్తేసినారా?" అన్నాడు నెమ్మదిగా.

"పెట్టింది నేనే, ఎత్తింది నేనే. ఏమన్నా అయితే నా మీదికే రానీ," అని కొత్త చోట రాయిని దించింది.

తొలచడం మొదలైంది. ఒక్కొక్క రాడ్డు ఇరవై అడుగులు. అయిదు రాడ్లు దిగేదాకా తెల్లని పొడి తప్ప మరేమీ లేదు. ఎనిమిదో రాడ్డుకు ఆ దుమ్ము అందరి తలల మీదా పేరుకుంది. గంగన్న నా వైపు చూడడం మానేశాడు. పదో రాడ్డు సగంలో పొడి రంగు కొద్దిగా మారింది. దోసిట పట్టి చూశాను. గోధుమ వన్నె, అంటే రాయి ఎప్పుడో నీటికి నానినది. ఇప్పుడు నీరు ఉందని దాని అర్థం కాదు. ఆ మాట పైకి అనలేదు. పదకొండో రాడ్డుకు పొడి ఉండలు కట్టింది. సెల్వం యంత్రం వేగం తగ్గించి చెవి ఒగ్గాడు. పన్నెండో రాడ్డు దిగుతుండగా మోత మారి, ఎర్రని నీరు మనిషెత్తు లేచింది.

"రెండించుల ధార, తగ్గదు," అన్నాడు సెల్వం, మీటరు లేకుండానే. చీనీ తోటకు పొదుపుగా వాడుకుంటే అది చాలు.

బురద నీళ్లు పల్లం చూసుకుని గట్టు మీదుగా ఓబులేసు చేలోకి పారాయి. గంగన్న పార అందుకుని, అడ్డుకట్ట వేయడానికి పరుగెత్తాడు. కాలు పడితే తీసేస్తానన్న చేను అది. ఇప్పుడు బురదే పడుతోంది.

"ఉండనీ అన్నా," అన్నాడు ఓబులేసు. "పారనీ."

గంగన్న పార దించి అక్కడే నిలబడిపోయాడు. ఈశ్వరమ్మ ఇద్దరికీ వీపు తిప్పి, చెట్ల మధ్యకు నడిచి, ఎండిన డ్రిప్పు పైపులను సర్దసాగింది.

ఉత్తరపు కొసన ముప్పై చెట్లు అప్పటికే చేయి దాటాయి. మిగిలినవి నిలిచాయి. మొదటి పాయింటులో తొలిచి ఉంటే ఏమయ్యేదో నేను నిరూపించలేను. అక్కడ ఎవరూ తొలచలేదు.

ఇంటికి వచ్చి నా పాత కొలతల పుస్తకాలు తీశాను. పంపకాలు చీల్చిన పట్టీ చేలలో నేను పరచిన తీగలన్నీ పొడవునే. నీళ్లు పడని బోర్ల ఎదుట, కారణం అనే గడిలో, వర్షాభావం అని నా అక్షరాలతోనే ఉంది. వాటిలో కొన్నింటికి నిజంగానే వాన కారణం. ఏవి వానవో ఏవి నావో విడదీయడం ఇప్పుడు ఎవరి వల్లా కాదు. ఒక్క చేను మాత్రం బాగా గుర్తుంది. వజ్రకరూరు దగ్గరిది, నిటారు చారల రాయి చేను నడుమనే పైకి తేలి ఉండేది. దాని యజమాని తోట పోయాక గొర్రెలు పెట్టుకున్నాడు. వెతుక్కుంటూ వెళ్లి, జరిగినది చెప్పాను.

"ఇప్పుడు చెప్తే చెట్లు లేస్తాయా సార్?" అన్నాడు.

"లేవవు."

"మరి ఇంత దూరం యాల వచ్చినావు?"

"వాన మీద వేసిన తప్పు నాది కూడా కావచ్చునని చెప్పడానికి."

అతడు గొర్రెలను అదిలించాడు. "ఇన్నేండ్లూ దేవుణ్ణి తిట్టుకుంటాండా. ముందే చెప్పింటే నిన్నే తిట్టుకుందును గదా," అని, మజ్జిగ తాగి పొమ్మన్నాడు.

ఇప్పుడు రైతుకిచ్చే కాగితంలో నేను కొలిచిన దిక్కుతో పాటు కొలవలేకపోయిన దిక్కును, కారణంతో సహా, రాసి ఇస్తున్నాను. కొందరు దాన్ని చదివించుకుని, పక్క చేను వాళ్లను అడగడానికి వెళుతున్నారు. కొందరు బోరు వేయించే ఆలోచనే మానుకుంటున్నారు. ఆ నిర్ణయం వాళ్లది. దానికి కావలసిన నిజాన్ని దాచకపోవడం నా వంతు.